టాస్క్‌బార్ మూలనున్న ఆ చిన్న అంకె: నెట్ స్పీడ్ మీటర్ల మీద అపోహలు - వాస్తవాలు

“నాయనా, నెట్ వస్తోంది కానీ రావట్లేదు” అని ఫోన్ చేశారు ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. వెళ్ళి చూస్తే ప్రవచనం వీడియో ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. కింద కుడి మూలన గడియారం పక్కన, మనవడు పండక్కి వచ్చినప్పుడు పెట్టి వెళ్ళిన నెట్ స్పీడ్ మీటర్ మాత్రం డౌన్‌లోడ్ సున్నా, అప్‌లోడ్ సున్నా చూపిస్తోంది. కళ్ళెదుట ఆడుతున్న వీడియోని వదిలేసి మాస్టారు ఆ సున్నానే నమ్మారు. లెక్కల మాస్టారు కదా, అంకెదే పైచేయి.

ఖమ్మంలో ఇళ్ళకి తిరిగి కంప్యూటర్లు, వైఫైలు బాగుచేసే పని నాది. నాకొచ్చే స్పీడ్ ఫిర్యాదుల్లో నిజంగా నెట్ పాడైనవి కొన్నే. మీటర్‌ని మనం తప్పుగా చదివినవి, మీటరే తప్పు చదివినవి చాలా ఎక్కువ. ఆ ఇళ్ళల్లో పదే పదే విన్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇవన్నీ విండోస్ కంప్యూటర్ల సంగతులు.

అపోహ: మీటర్ సున్నా చూపిస్తే నెట్ లేనట్టే

ఆ మీటర్‌కి ఇంటర్నెట్ అంటే ఏంటో తెలియదు. వైఫైకి ఒకటి, కేబుల్‌కి ఒకటి, ఇలా కంప్యూటర్‌ని నెట్‌కి కలిపే ప్రతి నెట్‌వర్క్ అడాప్టర్‌కీ విండోస్ విడిగా పద్దు రాసుకుంటుంది: ఇప్పటిదాకా ఎన్ని బైట్లు లోపలికొచ్చాయి, ఎన్ని బయటికి పోయాయి అని. మీటర్ సెకనుకోసారి ఆ పద్దు చూసి, కిందటి సెకను అంకె తీసేసి, మిగిలింది మనకి చూపిస్తుంది. దాని పని అంతే. అందుకే నేను ముందు చూసేది అది ఎవరి పద్దు చదువుతోందని.

మాస్టారి కంప్యూటర్‌కి సొంత వైఫై లేదు, వెనకాల యూఎస్‌బీ డాంగిల్ ఉంది. బూజులు దులిపే రోజున ఎవరో దాన్ని పీకి పక్క పోర్టులో గుచ్చారు. కొన్ని డాంగిల్స్ పోర్టు మారితే విండోస్ వాటిని కొత్త పరికరం కింద జమకట్టి ‘వైఫై 2’, ‘వైఫై 3’ అని కొత్త పేరు పెడుతుంది. నెట్ కొత్త పేరు మీద నడుస్తోంది, మీటర్ పాత పేరు దగ్గరే కాపలా ఉంది. ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇంటి కరెంటు మీటర్ చదివినట్టన్నమాట.

మీటర్ మీద రైట్ క్లిక్ చేస్తే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ ఎంచుకునే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ సరైనది పెట్టాను, అంకెలు కదిలాయి. ఏది సరైనదో తెలియకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో ఎడమ పక్కన అడాప్టర్లన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక వీడియో పెట్టి చూడండి, దేని గ్రాఫ్ లేస్తే అదే మీది. డాంగిల్ ఒక్కటే కాదు, డ్రైవర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా, ఫోన్ నెట్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్‌కి మారినా ఇదే తంతు.

టాస్క్ మేనేజర్‌లో గ్రాఫ్ లేస్తూ, సరైన కనెక్షనే ఎంచుకున్నా మీటర్ సున్నా దగ్గరే ఉంటే, విండోస్ తన పనితీరు లెక్కపెట్టుకునే లోపలి పెర్ఫార్మెన్స్ కౌంటర్లు చెడిపోయి ఉండొచ్చు. కొన్ని మీటర్లు వాటి మీదే ఆధారపడతాయి. ఫోన్‌లో చెప్పినట్టే చెబుతాను, రాసుకోండి: కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎల్, ఓ, డి, సి, టి, ఆర్ అక్షరాలు కలిపి కొట్టండి, ఒక ఖాళీ వదలండి, స్లాష్, దానికి ఆనుకుని పెద్ద ఆర్. ఎంటర్. మొదటిసారి ఎర్రర్ ఇస్తే కంగారుపడొద్దు, మళ్ళీ ఒకసారి కొట్టండి. తర్వాత రీస్టార్ట్.

అపోహ: మీటర్ ప్లాన్ కంటే ఎక్కువ చూపిస్తోంది, కంపెనీ వాళ్ళు బోనస్ ఇస్తున్నారు

ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే ఒకమ్మాయి నాతో సంతోషంగా చెప్పిన మాట ఇది. “అన్నా, మాది 50 ప్లానే, కానీ ఒక్కోసారి 95 వస్తోంది!” ఆమె సంతోషం పాడుచేయాలనిపించలేదు కానీ, ఆఫీసు నెట్‌వర్క్‌కి విడిగా రహస్య దారి వేసే వీపీఎన్ ఆన్ చేసినప్పుడే ఆ 95 వస్తోందని ఆమె గమనించలేదు.

వీపీఎన్ కనెక్ట్ అయితే చాలాసార్లు దానికంటూ ఒక వర్చువల్ అడాప్టర్ పుడుతుంది. ఆఫీసు ఫైలు ముందు వైఫై గుండా వస్తుంది, తర్వాత వీపీఎన్ అడాప్టర్ గుండా దాటుతుంది. ఒకే సరుకు, రెండు చెక్‌పోస్టుల్లోనూ నమోదైంది. మీటర్‌లో ‘అన్ని కనెక్షన్లూ’ అని పెట్టుకుంటే అది రెండూ కూడేస్తుంది. కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్ నడిపే హైపర్-వీ లాంటివాటి వర్చువల్ స్విచ్ పెట్టుకున్నవాళ్ళకీ ఇదే జరుగుతుంది. అసలు అడాప్టర్ ఒక్కటే ఎంచుకుంటే ఆ బోనస్ మాయమవుతుంది.

అపోహ: 100 ప్లానుకి డబ్బులు కడితే 11 చూపిస్తోంది, మోసం

దీని గురించి పేజీలు రాయను. ప్లాన్‌లో 100 అంటే సెకనుకి 100 మెగాబిట్లు. డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు బ్రౌజర్ చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే 12.5. అందులోంచి ప్రతి ప్యాకెట్ మీదా రాసుకోవాల్సిన చిరునామాలూ అవీ ఐదు శాతం దాకా తింటాయి. 11, 11.5 చూపిస్తే మీ 100 మీకు అందుతున్నట్టే. మీటర్ సెట్టింగ్స్‌లో బిట్లు కావాలా బైట్లు కావాలా అని అడుగుతుంది, ప్లాన్‌తో పోల్చాలంటే బిట్లు పెట్టుకోండి.

ఇంకొకటి. ఏమీ డౌన్‌లోడ్ చేయకుండా “నాకు 0.2 ఏ వస్తోంది” అనేవాళ్ళున్నారు. మీటర్ చెప్పేది మీరు ఎంత వాడుతున్నారని, ఎంత వాడగలరని కాదు. బండి స్టాండు వేసి ఉంటే స్పీడోమీటర్ సున్నాయే చూపిస్తుంది. ఎంత లాగగలదో తెలియాలంటే స్పీడ్ టెస్ట్ చేయాలి. అది నడుస్తున్నంతసేపు మీటర్ వైపు చూడండి, రెండూ దాదాపు ఒకే అంకె చెబితే మీటర్ సరిగ్గా ఉన్నట్టు. నేను ఏ ఇంటికెళ్ళినా మొదట చేసే పరీక్ష ఇదే.

అపోహ: విండోస్ 11లో పాత మీటర్ రావట్లేదంటే ఇన్‌స్టాల్ సరిగ్గా కాలేదు

‘నెట్‌స్పీడ్‌మానిటర్’ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉండేది. ఎక్స్‌పీ, విస్టా, 7 కాలం నాటిది. టాస్క్‌బార్‌లోనే అంకెలు ఒదిగి కూర్చునేవి. నాకూ అదంటే ఇష్టం, ఇప్పటికీ కొన్ని పాత కంప్యూటర్లలో పనిచేస్తూనే ఉంది. విండోస్ 10లో ఇన్‌స్టాల్ చేయబోతే, ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కి సపోర్ట్ లేదని మొరాయిస్తుంది. ఇన్‌స్టాలర్ ఫైలు ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి విండోస్ 7 మోడ్ పెడితే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత కూడా కనబడకపోతే టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి, టూల్‌బార్స్‌లో దాని పేరు పక్కన టిక్ పెట్టాలి.

విండోస్ 11లో ఈ చిట్కాలేవీ పనికిరావు. 2021లో 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ టాస్క్‌బార్‌ని కొత్తగా కట్టింది, బయటి ప్రోగ్రాములు అందులో టూల్‌బార్‌గా కూర్చునే సదుపాయాన్ని తీసేసింది. అద్దెకిచ్చే గదినే కూల్చేశాక సామాను ఎన్నిసార్లు దింపినా ఎక్కడ పెడతాం? ఒకాయన పదకొండుసార్లు ఇన్‌స్టాల్ చేశారు, లెక్కపెట్టుకుని మరీ చెప్పారు. అందులో ఆరేడు ఇన్‌స్టాలర్లు ఊరూ పేరూ లేని సైట్ల నుంచి దింపారు. నేను వెళ్ళేసరికి మీటర్ లేదు గానీ, బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయి, తెరిచిన ప్రతిచోటా లాటరీ ప్రకటనలు. మీటర్ సంగతి పది నిమిషాలు, ఆ చెత్త ఊడ్చడానికి సాయంత్రమంతా పట్టింది.

11 వాడేవాళ్ళకి నేను పెట్టేది ‘ట్రాఫిక్‌మానిటర్’. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, గిట్‌హబ్ అనే సైట్‌లో దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే టాస్క్ మేనేజర్ చాలు, ఇళ్ళల్లో నిజానికి అదే ఎక్కువ.

అపోహ: మీటర్ నెల మొత్తం, కంపెనీ మొత్తం ఒకటే కావాలి

కావు. కంపెనీ లెక్కలో మీ టీవీ, నలుగురి ఫోన్లు, గుమ్మం ముందు కెమెరా అన్నీ ఉంటాయి. మీ మీటర్‌లో ఈ ఒక్క కంప్యూటరే ఉంటుంది. పోనీ కంప్యూటర్‌దైనా కచ్చితంగా ఉంటుందా అంటే, ఇంట్లోనే ఒక ల్యాప్‌టాప్ నుంచి ఇంకోదానికి పెళ్ళి వీడియో కాపీ చేసినా ఇంటర్నెట్‌కి సంబంధం లేకుండా మీటర్ తిరుగుతుంది. అడాప్టర్ దాటిందల్లా దాని లెక్కే.

పాత మీటర్లలో ఇంకో తమాషా ఉంది. వాటిలో కొన్ని 32 బిట్ల పద్దు చదివే రకం. 32 బిట్లలో పట్టే పెద్ద అంకె దాదాపు 429 కోట్లు, అంటే 4.29 జీబీ దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు. పాత స్కూటర్ మీటర్ 99999 దాటి 00000కి తిరిగినట్టే. 100 ఎంబీపీఎస్‌తో, అంటే సెకనుకి 100 మెగాబిట్లతో, ఆగకుండా లాగితే ఆరు నిమిషాలలోపే ఒక చుట్టు తిరిగిపోతుంది, 300 ప్లాన్‌లో రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ చుట్టు తిరిగిన సెకనులో కొన్ని మీటర్లు నమ్మలేనంత పెద్ద స్పీడ్ చూపిస్తాయి, కొన్ని నెల మొత్తంలోంచి నాలుగు జీబీ మింగేస్తాయి. విస్టా నుంచి విండోస్ 64 బిట్ల పద్దు ఇస్తోంది. కొత్త మీటర్లు అదే వాడతాయి కాబట్టి ఈ బాధ ఉండదు.

అపోహ: విండోస్ 20 శాతం స్పీడ్ దాచుకుంటుంది, సెట్టింగ్ మార్చి తీసుకోవచ్చు

ఎక్స్‌పీ రోజుల నుంచి చావని పుకారు. విండోస్ నియమాలు మార్చే గ్రూప్ పాలసీలో రిజర్వ్ చేయదగ్గ బ్యాండ్‌విడ్త్ అనే సెట్టింగ్ ఉంది, ఎక్స్‌పీలో దాని డిఫాల్ట్ 20 శాతమన్నమాటా నిజమే. కానీ ప్రత్యేకంగా ప్రాధాన్యం కావాలని ఏదైనా ప్రోగ్రామ్ అడిగినప్పుడే ఆ 20 లెక్కలోకి వస్తుంది. అడిగిన ప్రోగ్రామ్ కూడా వాడకుండా ఊరుకుంటే మిగతావాళ్ళే వాడుకుంటారు. దాన్ని సున్నా చేసి మీటర్ చూడండి, వెంట్రుకవాసి తేడా కనిపించదు. హోమ్ ఎడిషన్‌లో ఆ సెట్టింగ్ కనబడదు కాబట్టి, అది మార్చిపెడతామంటూ దొరికే ఫైళ్ళని దయచేసి ముట్టుకోకండి.

అపోహ: డౌన్‌లోడ్ మాత్రమే చేస్తున్నా అప్‌లోడ్ అంకె తిరుగుతోంది, వైరస్సే

పార్సిల్ అందినట్టు సంతకం పెట్టి పంపాలి కదా, అప్‌లోడ్‌లో ఆ సంతకాలు కనిపిస్తాయి. డౌన్‌లోడ్ 100 ఉంటే అప్‌లోడ్ ఒకటి, రెండు ఉండటం మామూలే. ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా అప్‌లోడ్ ఐదు, పది అంటూ తిరిగితే అప్పుడు చూడాలి. స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘సెండ్’ అన్న వరస మీద క్లిక్ చేస్తే ఎక్కువ పంపేవాడు పైకొస్తాడు. నాకు ఎక్కువగా దొరికే దొంగ, ఫోటోలు క్లౌడ్‌కి పంపే ప్రోగ్రామే. ఇంకోటి విండోస్ అప్‌డేట్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్, ఆన్‌లో ఉంటే మీరు దింపుకున్న అప్‌డేట్ ముక్కల్ని వేరే కంప్యూటర్లకి పంచిపెడుతుంది. అక్కర్లేదనుకుంటే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆపేయొచ్చు. ఎప్పుడూ వినని పేరు పైకొస్తే మాత్రం నెట్ పీకేసి, యాంటీవైరస్ స్కాన్ పెట్టండి.

అపోహ: 300 ప్లాన్‌లో మీటర్ ఎప్పుడూ 95 దగ్గరే ఆగుతోందంటే మీటర్ పాడైంది

పోయిన నెల ఒక డాబా ఇంట్లో ఇదే గొడవ. మీటర్లు మూడు మార్చారు, మూడూ 95 దగ్గర గీత గీసినట్టు ఆగాయి. ఫోన్‌లో వైఫై మీద టెస్ట్ చేస్తే 270 దాటింది. అలా గీత గీసినట్టు ఆగితే నేను మీటర్ వైపు చూడను, కేబుల్ వెంట నడుస్తాను. సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ ప్రాపర్టీస్ తెరిస్తే లింక్ స్పీడ్ 1000 ఉండాల్సింది 100 ఉంది. నెట్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. 1000 నడవాలంటే ఎనిమిదీ బాగుండాలి, 100కి నాలుగు చాలు. ఒక్క తీగ తెగినా చాలాసార్లు నెట్ పోదు, చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది.

కేబుల్ హాల్లోంచి గది గుమ్మం కింద నుంచి వెళ్తోంది. తలుపు వేసినప్పుడల్లా సరిగ్గా ఒకేచోట నొక్కుకుని, అక్కడ చదునుగా, చెరుకు పిప్పిలా అయిపోయింది. గుమ్మం పైనుంచి కొత్త కేబుల్ లాగి, రెండు చివర్లా కొత్త కనెక్టర్లు నొక్కాను. లింక్ స్పీడ్ 1000 అయింది. ఆయన మాత్రం మూడు మీటర్లలో ఏది ఉంచాలో చెప్పమన్నారు.