పులుసు అంత మసిలినా తమ్ముని మొహం ఎందుకు ఎర్రగైంది

చిన్నీ,

మిరుగు నాడు చాపల పులుసు తిన్న అర్ధగంటకే తమ్ముని మొహం, మెడ ఎర్రగై తలకాయ నొస్తుందని ఏడ్చిండంట, డాక్టర్ గోలీ ఇచ్చినంక పొద్దుగూకెటాలకు తగ్గిందని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. నువ్వడిగిన మాట మాత్రం నాకు రాత్రంత మతిల తిరిగింది. "తాతా, పులుసు అంతసేపు మసిలింది గదా, క్రిములు చచ్చిపోవాలె గదా?"

చచ్చిపోయినయి బిడ్డా. పెరుగు సంగతి చూడు. పాలల్ల తోడేస్తం, తోడుల ఉన్న క్రిములు పాల తీపిని పులుపు చేస్తయి. బాగ పులిసిన మజ్జిగను పొయ్యి మీద పెట్టి మసలబెడితే క్రిములు చస్తయి గని పులుపు పోతదా? చారు పుల్లగనే ఉంటది. సూర, కానాగంత అసొంటి సముద్రం చాపల కండల హిస్టిడిన్ అని ఒకటి మస్తుగుంటది, చాప చచ్చినంక ఐసు లేకుంట ఉంటే క్రిములు దాన్ని హిస్టమిన్ చేస్తయి, అది ఉడకబెట్టినా పోదు, ఫ్రిజ్‌ల గడ్డకట్టినా పోదు. అది ఎక్కువ కడుపులకు పోతేనే మొహం ఎర్రగై తలకాయ నొస్తది. మన రవ్వ, బొచ్చెలల్ల హిస్టిడిన్ సూరల ఉన్నంత ఉండదు.

నా చిన్నప్పుడు చలికాలం పెరుగు తోడుకోకపోతే మా అమ్మ ముంతకు గొంగడి కప్పేది, ఎండకాలమైతే పొద్దున తోడేస్తే పగటికే పులిసిపోయేది. క్రిములకు వెచ్చగుంటేనే పని నడుస్తది. మా నాయిన కృష్ణ ఒడ్డు నుంచి చాపలు తెస్తే తడి గోనెసంచిల చుట్టి, చెట్ల నీడ పట్టుకొని నడిచొచ్చేటోడు, ఇంటికి రాంగనే అమ్మ మొప్ప ఎత్తి వాసన చూసేది. ఐసు కాడ పైసలు మిగిలించుకుంటే ఆ కష్టం తినేటోని పానం మీదికి వస్తది, అమ్మేటోళ్లు ఇది మర్చిపోవద్దు.

కని హిస్టమిన్‌ను ముక్కు పట్టలేదు. అందుకే ల్యాబ్. నేను ముప్పై ఏండ్లు ఈ పనే చేసిన. ఒకే చాపల తోక కాడ ఒక తీరు, తల కాడ ఒక తీరు ఉంటది, అందుకని ముక్కలన్ని కలిపి మిక్సీల మెత్తగ రుబ్బి, మిథనాల్ పోసి వెచ్చజేసి, వడపోసి, ఆ నీళ్లల్ల ఒక మందు కలుపుతం. అతినీలలోహిత లైటు కింద పెడితే హిస్టమిన్ ఉన్న సీస నీలంగ మెరుస్తది, ఎంతుంటే అంత మెరుపు, దాన్ని మిషిన్ కొలుస్తది. మొదటిసారి చూసిన నాడు నేను అన్నం తినుడు మర్చిపోయిన, ఇన్ని రోజులు కండల్ల దాక్కున్నది ఇట్ల వెలుగైతదా అని! యూరప్ రూల్ ప్రకారం ఇసొంటి చాపల ఒక లాట్‌ల, అంటే ఒక విడత సరుకుల, 9 శాంపిళ్లు తీస్తరు, ఒక్కదాంట్ల గూడ కిలోకు 200 మిల్లీగ్రాములు దాటొద్దు. అది చిటికెడు ఉప్పంత గూడ ఉండదు చిన్నీ.

ఇయ్యాల పొద్దున రెండు గిన్నెలల్ల పాలు పోసి, రెండింట్ల తోడెయ్యి. ఒకటి ఫ్రిజ్‌ల, ఒకటి కిటికీ కాడ పెట్టు. పొద్దుగూకినంక రెండూ నాలుక మీద ఏస్కొని చూడు, తర్వాత బయటిదాన్ని అమ్మతోటి మసలబెట్టించి, చల్లారినంక మళ్లొకసారి చూడు. ఏమనిపించిందో నాకు రాయి.

మీ తాత