జియాలజీ పరీక్షకు చదివే పిల్లలకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు జియాలజీ చెబుతుంటాను. పరీక్షలు దగ్గర పడేసరికి వాళ్ల నోట వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మి చదివితే ఎంత కష్టపడ్డా మార్కులు రావు.

అపోహ: రంగు చూసి ఖనిజం పేరు చెప్పెయ్యొచ్చు.

వాస్తవం: ప్రాక్టికల్స్‌లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. క్వార్ట్జ్ తెల్లగా ఉంటుంది, గులాబీ రంగులో ఉంటుంది, ఊదాగానూ ఉంటుంది. తెల్లటి స్పెసిమెన్ ఇస్తే అది క్వార్ట్జా, కాల్సైటా అని రంగు మీకు చెప్పదు. గాజు మీద గీసి చూడండి. గీత పడితే క్వార్ట్జ్, కాల్సైట్‌కి అంత గట్టిదనం లేదు. తర్వాత విరిగిన చోట చూడండి. క్వార్ట్జ్‌కి క్లీవేజ్ (నున్నటి తలాల వెంట చీలే గుణం) ఉండదు, గాజు పెంకులా వంపులు తిరిగి విరుగుతుంది. కాల్సైట్ మూడు దిశల్లో నున్నగా చీలుతుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. అదే మంగంపేట గనుల్లో దొరికే బెరైటీస్ ఖనిజం అయితే గట్టిదనంలో కాల్సైట్‌కి దగ్గరగానే ఉంటుంది, కానీ ఆమ్లానికి పొంగదు. అరచేతిలో పెట్టుకోగానే బరువు తెలిసిపోతుంది, దాని విశిష్ట సాంద్రత 4.5 మరి. హెమటైట్ నల్లగా మెరుస్తున్నా స్ట్రీక్ ప్లేట్ (గీసి పొడి రంగు చూసే గరుకు పింగాణీ పలక) మీద ఎర్రటి గీతే పడుతుంది. ల్యాబ్ తెరిచి ఉన్నప్పుడు వెళ్లి ఈ రాళ్లను పట్టుకోండి. రికార్డ్ కాపీ కొట్టుకుంటే ఇవేవీ రావు.

అపోహ: జియాలజీ అంటే పేర్లు బట్టీ పట్టడమే.

వాస్తవం: కొన్ని బట్టీ పట్టక తప్పదు, గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోహ్స్ స్కేల్‌లోని పది ఖనిజాలు అలాంటివే. కానీ ఆ అంకెలు వరసనే చెబుతాయి. కొరండం 9, వజ్రం 10 అయినా, కొలిచి చూస్తే వజ్రం దాదాపు నాలుగు రెట్లు గట్టిది. కరిగిన శిలాద్రవం చల్లారి ఏర్పడే అగ్నిశిలలకైతే బట్టీతో పనే లేదు. గ్రానైట్, రయోలైట్ రసాయన కూర్పు ఇంచుమించు ఒకటే. భూమి లోపల నెమ్మదిగా చల్లారితే పెద్ద స్ఫటికాల గ్రానైట్, పైకొచ్చి త్వరగా చల్లారితే సన్నటి రేణువుల రయోలైట్. ముదురు రంగు ఖనిజాలుండే గాబ్రో, బసాల్ట్ జంట కూడా అంతే. ఇది పట్టుబడితే, చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైట్ పేరుతో అమ్మే నల్లరాయి నిజానికి గాబ్రో జాతిదని ఎందుకంటామో మీరే చెప్పగలరు. వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయి చాలావరకు గ్రానైటే, వైవాలో మాత్రం కాదు.

అపోహ: భూపటలం కింద అంతా కరిగిన లావాయే.

వాస్తవం: భూపటలం కింద ఉండే పొర, మ్యాంటిల్, ఘనం. చాలా నెమ్మదిగా కదులుతుంది, అంతే. దాంట్లోంచి భూకంపాల్లో పుట్టే ఎస్ తరంగాలు వెళ్తాయి, ద్రవంలోంచి అవి వెళ్లలేవు. మ్యాంటిల్ కింద ఉండే బాహ్య కేంద్రం (ఔటర్ కోర్) దగ్గర ఆగిపోతాయి కాబట్టే అది ద్రవమని తెలిసింది. ఎస్సేలో ఈ కారణం రాయకుండా పొరల లోతులు మాత్రమే రాస్తే సగం జవాబే అవుతుంది.

అపోహ: బొమ్మలు బాగా గీయడం వచ్చినవాళ్లకే మార్కులు.

వాస్తవం: అందం ఎవరూ చూడరు. భాగాల పేర్లు, బాణం గుర్తులు సరిగ్గా ఉంటే చాలు. పుస్తకం మూసి గీయండి, తర్వాత తెరిచి సరిచూసుకోండి.

అపోహ: అననుగుణ్యత (రెండు రాళ్ల మధ్య చాలా కాలపు రికార్డు తప్పిపోయిన హద్దు) లాంటివి పుస్తకంలో తప్ప చూడలేం.

వాస్తవం: తిరుమల ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టి మరీ చూపించారు. కింద పాత గ్రానైట్, పైన కడప శ్రేణి క్వార్ట్జైట్, మధ్యలో కొన్ని వందల మిలియన్ల ఏళ్ల రికార్డే లేదు. ఈసారి కొండెక్కేటప్పుడు చూసి, ఆ గీతనే మీ జవాబులో ఉదాహరణగా రాయండి.