పెండపురుగులు: సిరోంచ అడవుల్లో వినిపించే అపోహలు, అక్కడే కనిపించే వాస్తవాలు

పుస్తకాల్లో పేడపురుగు అని రాస్తారు. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే సిరోంచ ప్రాంతంలోని తెలుగువారు దాన్ని పెండపురుగు అంటారు. ఇక్కడి అడవుల్లో ఈ పురుగులను పట్టి, లెక్కించి, గుర్తించే పనిలో ఉన్నందువల్ల వాటి గురించి పశువుల కాపరుల నుంచీ, అడవిలో పని నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థుల నుంచీ తరచుగా వినే కొన్ని మాటలకు సమాధానం రాయవలసిన అవసరం కనిపించింది.

అపోహ: "ఎండకాలం ఇవన్నీ చచ్చిపోతయి బిడ్డా, వాన పడంగనే పెండల్నే మళ్ల పుడ్తయి."

వాస్తవం: ఈ మాట చెప్పిన కాపరి తాత చూసినదానిలో తప్పు లేదు, ఎందుకంటే తునికాకు కోసే రోజుల్లో పశువు వేసిన పెండ కొద్ది గంటల్లోనే పైన పెచ్చు కట్టి ఎండిపోతుంది, దానిని తిరగేసినా చాలాసార్లు ఏమీ కనిపించదు. అయితే పురుగులు అప్పుడు నేల లోపల ఉంటాయి. ఆడపురుగు పెండను భూమిలోకి తీసుకుపోయి ఉండగా చేసి, ఒక్కో ఉండలో ఒక్కో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు ఆ ఉండను లోపలి నుంచి తింటూ పెరిగి, అందులోనే కోశస్థ (ప్యూపా) దశ దాటి రెక్కల పురుగుగా మారుతుంది. కొన్ని పెద్ద జాతుల్లో ఉండ పైపొర ఎండి ఎంత గట్టిపడుతుందంటే, వాన నీరు దిగి దానిని మెత్తబరిచేవరకు పురుగు లోపలే వేచి ఉండవలసి వస్తుంది. మృగశిర కార్తెలో నేల తడిసిన కొన్నాళ్లకే పెండ మీద ఇవి గుంపులుగా కనిపించడానికి కారణం ఇదే. అవి పెండలో పుట్టలేదు, వాసన పట్టుకొని ఎగిరి వచ్చాయి. అందువల్ల మే నెలలో ఒక్కసారి అడవి తిరిగి తయారుచేసిన జాబితాను ఆ అడవి జాబితాగా నేను అంగీకరించను.

అపోహ: పెండపురుగులన్నీ ఉండలు దొర్లిస్తాయి.

వాస్తవం: దొర్లించేవి కొన్నే. పగటి ఎండలో తిరిగే జిమ్నోప్లూరస్, పొడవాటి వెనుక కాళ్ల సిసిఫస్ అటువంటివి. ఎక్కువ జాతులు పెండ కిందనే సొరంగం తవ్వి అక్కడికక్కడే దానిని లోపలికి దింపుకుంటాయి, మరికొన్ని పెండలోనే కాపురం ఉంటాయి. రాత్రిపూట దీపాల చుట్టూ ఎగిరి నేల మీద పడే నల్లటి, బరువైన కాథార్సియస్ మొలోసస్ సొరంగం తవ్వే రకమే.

అపోహ: ఎరువు గుంతలో కనిపించే లావైన తెల్ల పురుగులు పెండపురుగు పిల్లలు, అవి పొలంలో పంట వేళ్లను కొరుకుతాయి.

వాస్తవం: ఈ పొరపాటు వల్ల చాలామంది రెక్కలు వచ్చిన పెండపురుగులను కూడా చంపేస్తున్నారు, అది నాకు బాధ కలిగిస్తుంది. మాగిన ఎరువులో దొరికే ఆ పురుగులు చాలావరకు కొమ్ముపురుగు వంటి వేరే రకాల పిల్లలు, వేళ్లను కొరికేది వేరుపురుగు. సొరంగం తవ్వే, ఉండ దొర్లించే పెండపురుగుల పిల్ల తన ఉండ దాటి బయటికి రాదు, ఉండ పగిలి బయటపడితే సాధారణంగా బతకదు.

అపోహ: అడవి ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ రకాల పెండపురుగులు ఉంటాయి, కనుక ఒక్కచోట చూస్తే చాలు.

వాస్తవం: నీడ కోరే జాతులు వేరు, ఎండ కోరే జాతులు వేరు. ప్రాణహిత ఒడ్డున ఇసుక కలిసిన నేలను సులువుగా తవ్వే పురుగుకు, ఎండి బిగిసిన బంకనేల అడ్డంకి అవుతుంది. అల్లాపల్లి టేకు అడవి, వెదురు కలిసిన మిశ్రమ అడవి, ఊరి పక్క మేతబీడు ఒకదానికొకటి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా వాటిలో దొరికే జాతుల కూర్పు ఒకటి కాదు. పైగా టేకు ఆకు రాల్చే చెట్టు, వేసవిలో అది మోడై నిలిచినప్పుడు అడవి నేలకూ బీడు నేలకూ మధ్య ఎండలో ఉండే తేడా తగ్గిపోతుంది. కనుక ఆవాసాన్నీ రుతువునూ విడదీసి లెక్కించడం సరికాదు.

ఎర విషయంలో జరిగే పొరపాటు ఇంతకన్నా పెద్దది. పురుగులను పట్టి లెక్కించడానికి నేలమట్టానికి పాతిన డబ్బాలో సబ్బునీళ్లు పోసి, దానిపైన ఆవు పెండ మూట కట్టి, అదే కొలత అనుకుంటారు. దుప్పుల, మేకల పెంటికలకు వచ్చేవీ, అడవిపంది వంటి అన్నీ తినే జంతువుల మలానికి వచ్చేవీ, కుళ్లిన పండ్లకూ కళేబరాలకూ వచ్చేవీ ఆ డబ్బాలో పడకపోవచ్చు. ఇదే జిల్లాలోని కమలాపూర్ శిబిరంలో ఏనుగులు ఉన్నాయి, కోలామార్కాలో అడవి బర్రెలు ఉన్నాయి. హీలియోకోప్రిస్ ప్రజాతిలో ఏనుగు లద్దెను ఆశ్రయించే పెద్ద పురుగులను ఆవు పెండతో పిలవడం న్యాయమైన పరీక్ష కాదు. డబ్బాల మధ్య కనీసం 50 మీటర్ల దూరం ఉంచాలి, పగలు పడినవాటినీ రాత్రి పడినవాటినీ వేరుగా తీయాలి.

అపోహ: ఇవి మన ఎరువును ఎత్తుకుపోతాయి.

వాస్తవం: ఎండలో పడి ఉన్న పెండలోని నత్రజని కొంత అమోనియాగా గాలిలో కలిసిపోతుంది, పురుగు దింపిన పెండలో అది వేళ్లకు అందుతుంది, ఈగలు పెరగడానికి చోటూ తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో స్థానిక పురుగులు కంగారూల పొడి పెంటికలకే అలవాటుపడి ఉండడంతో ఆవుల పెండ మేతభూముల్లో పేరుకుపోయింది. అందుకే కీటక శాస్త్రవేత్త జార్జ్ బోర్నెమిస్సా చొరవతో 1965 నుంచి 1985 వరకు నడిచిన ప్రాజెక్టులో ఇతర ఖండాల పురుగులను తెచ్చి అక్కడ వదిలారు.

అపోహ: పశువుకు వేసిన నట్టల మందు పశువులోనే అయిపోతుంది.

వాస్తవం: ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు చాలావరకు మారకుండా పెండలోనే బయటికి వస్తుంది, ఆ పెండలో పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి చనిపోతూనే ఉంటాయి. పశువుకు వైద్యం మానమని నేను చెప్పడం లేదు. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ వంటి మందులతో ఈ హాని తక్కువ, అవి సరిపోతాయో లేదో పశువైద్యుడిని అడగండి. ఐవర్‌మెక్టినే ఇవ్వవలసి వస్తే, పురుగులు గుడ్లు పెట్టే తొలకరి వారాల్లో పశువుల మంద మొత్తానికి ఒకేసారి వేయించకండి, మందు పడిన పశువులను కొన్నాళ్లు అడవికి తోలకుండా ఇంటి దగ్గరే కట్టి మేపండి.