ఫీజు మాట దగ్గర నీళ్లు నమలకండి: సైకాలజిస్టును కలిసేముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

సంసారంలో జరిగిన మోసాన్ని, చిన్నప్పుడు తిన్న దెబ్బలను మొదటి అరగంటలోనే చెప్పేసినవారు కూడా ఫీజు మాట దగ్గర నీళ్లు నములుతారు. లేచి, తలుపు గడియ మీద చెయ్యి వేశాక, సైకాలజిస్టునైన నా వైపు చూడకుండా గోడ గడియారాన్ని చూస్తూ అడుగుతారు: "మరి... ఎంత ఇవ్వాలండీ?" తప్పు వారిది కాదు. మా వృత్తిలో చాలామందిమి డబ్బు సంగతి ముందే తేటగా చెప్పం. మేము చెప్పకపోతే జనం ఊహించుకుంటారు. ఆ ఊహల్లో నాకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: సైకాలజిస్టు, సైకియాట్రిస్టు, కౌన్సెలర్ - పేర్లే వేరు, పని ఒకటే.

వాస్తవం: సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మనస్తత్వశాస్త్రంలో పైచదువు చదివి మాటల ద్వారా చికిత్స చేస్తారు, మానసిక పరీక్షలు నిర్వహిస్తారు. చాలా దేశాల్లో మందులు రాయరు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం 2002లో అదనపు శిక్షణ పొందిన సైకాలజిస్టులకు ఆ అనుమతి ఇచ్చింది కానీ, అలాంటి చోట్లు తక్కువ. కౌన్సెలర్ అన్న మాటే కాస్త తిరకాసు. కొన్నిచోట్ల దానికి లైసెన్సు కావాలి, కొన్నిచోట్ల బోర్డు పెట్టుకుంటే చాలు. అందుకే ఫీజు కంటే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నిజంగా అర్హత ఉన్నవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. పైగా బీమా సంస్థ డబ్బు ఇస్తుందా లేదా అన్నది చాలాసార్లు ఆ నంబరు మీదే ఆధారపడుతుంది.

అపోహ: మొదటిరోజే విషయం తేలిపోవాలి, లేకపోతే డబ్బు దండగ.

వాస్తవం: మొదటిరోజు ఎక్కువ భాగం ప్రశ్నలకే పోతుంది. నిద్ర, ఆకలి, వాడుతున్న మందులు, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా - ఇవన్నీ అడుగుతాం. ఒక అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటాం. ఫీజు, రద్దు నియమాలు అందులోనే ఉండాలి. లేకపోతే ఆ కాగితం అసంపూర్ణమే. సెషను గంట అంటారు కానీ మీతో గడిపేది సాధారణంగా 45 లేదా 50 నిమిషాలు. మిగతా సమయం నోట్సు రాసుకోవడానికి. దీన్ని ముందే చెప్పకపోతే పది నిమిషాలు మింగేశారనిపించడంలో వింత లేదు.

ఆ రోజు నేను మిమ్మల్ని అంచనా వేస్తున్నట్టే మీరూ నన్ను అంచనా వేయాలి. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1979లో చికిత్సా సంబంధాన్ని మూడు పాళ్లుగా విడదీసి చెప్పారు: ఎక్కడికి చేరాలన్న లక్ష్యంలో ఏకాభిప్రాయం, అందుకు చేయాల్సిన పనుల్లో ఏకాభిప్రాయం, ఇద్దరి మధ్య నమ్మకం. రెండు మూడు సెషన్లయినా ఇవి కుదరడం లేదనిపిస్తే సైకాలజిస్టును మార్చుకోవచ్చు. నేను ఏమీ అనుకోను. ఎవరి దగ్గరికి వెళ్తే బాగుంటుందో పేర్లు కూడా చెబుతాను.

అపోహ: ఒకసారి మొదలుపెడితే ఏళ్ల తరబడి కడుతూనే ఉండాలి.

వాస్తవం: సమస్యను బట్టి ఉంటుంది. ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ సాధారణంగా 6 నుంచి 20 సెషన్లు. సాలీడు, సూది వంటి ఒకే వస్తువు మీద ఉండే భయానికి స్వీడన్ సైకాలజిస్టు లార్స్ గొరన్ ఓస్ట్ 1989లో ఒకే విడతలో ముగిసే చికిత్సను ప్రతిపాదించారు. ఆ ఒక్క విడత మూడు గంటల దాకా సాగవచ్చు. 1986లో అమెరికన్ సైకాలజిస్టు కెన్నెత్ హోవర్డ్ బృందం 2,400 మందికి పైగా రోగుల వివరాలను పరిశీలిస్తే, 8 సెషన్లకు దాదాపు సగం మందిలో, 26 సెషన్లకు దాదాపు ముప్పావు వంతు మందిలో మెరుగుదల కనిపించింది. బాల్యం నుంచి పేరుకున్న గాయాలకు ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు, ఆ మాట దాచను.

కాబట్టి "ఎన్ని సెషన్లు పట్టొచ్చు, పని చేస్తోందని ఎలా తెలుస్తుంది?" అని అడగండి. తెలుసుకునే దారులు ఉన్నాయి. కుంగుబాటుకు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో అడుగుతుంది. మొదటిరోజు 18 వచ్చినవారికి ఆరో సెషనుకూ 18 వస్తే, నేను చేస్తున్నదేదో మార్చాలన్నమాట. ఆ కాగితాన్ని నేను వారి ముందే పెట్టి మాట్లాడతాను. డబ్బు కడుతున్నవారికి ఆ లెక్క చూసే హక్కు ఉంది.

అపోహ: నాలుగు కబుర్లు చెప్పి డబ్బు తీసుకుంటారు.

వాస్తవం: కబుర్లయితే స్నేహితులతో చెప్పుకోవచ్చు, అదీ మంచిదే. ఇక్కడ మీరు కట్టేది మాటలకే కాదు, వెనక జరిగే పనికి కూడా. ఉదాహరణకు, పిల్లల చదువు ఇబ్బందుల కోసమో, ఐక్యూ కోసమో చేసే పరీక్షల ఖర్చు చూసి చాలామంది ఉలిక్కిపడతారు. అక్కడ మీకు కనిపించేది గదిలో కూర్చున్న రెండు మూడు గంటలు. కనిపించనిది మార్కులు వేయడం, పాత రిపోర్టులు చదవడం, నివేదిక రాయడం. ఒకటి మాత్రం ఖరాఖండీగా చెప్పాలి: కట్టేది పరీక్షకు, ఫలితానికి కాదు. "ఎలాగూ డబ్బు ఇస్తున్నాం, ఏడీహెచ్‌డీ అని రాసివ్వండి" అంటే, ఏకాగ్రత నిలవని సమస్యకు ఉన్న ఆ పేరును రాసివ్వలేం.

అపోహ: రాకపోయిన రోజుకూ డబ్బు అడగడం దోపిడీ.

వాస్తవం: ఈ నియమం నాకూ మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. కానీ మీ కోసం ఉంచిన గంటను ఆఖరి నిమిషంలో ఇంకొకరికి ఇవ్వలేం. 24 లేదా 48 గంటల ముందు చెబితే ఫీజు ఉండదన్నది ఎక్కువచోట్ల ఉన్న పద్ధతి. జ్వరం, చావుకబురు లాంటివాటికి మినహాయింపు ఉందా అని మొదటిరోజే అడిగేయండి.

అపోహ: డబ్బు పెట్టకపోతే చికిత్స పనిచేయదు.

వాస్తవం: ఈ అపోహకు మా వృత్తి పెద్దలూ కారణమే. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1913లో రాసిన వ్యాసంలో, ఉచిత చికిత్స రోగిలోని ప్రతిఘటనను, అంటే చికిత్సకు లోలోపల అడ్డుపడే ధోరణిని, పెంచుతుందన్నారు. అదే ఫ్రాయిడ్ 1918లో బుడాపెస్టులో మాట్లాడుతూ, పేదవారికీ మనసు చికిత్స మీద హక్కు ఉందని, అది ఉచితంగా అందే రోజు వస్తుందని అన్నారు. 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో ఆయన అనుచరులు అలాంటి క్లినిక్కులు తెరిచారు. ఇంగ్లండులో 2008లో మొదలైన ప్రభుత్వ పథకంలో ఇప్పటికీ రోగి దగ్గర ఫీజు తీసుకోకుండానే చికిత్స చేస్తున్నారు, డాక్టరు చీటీ లేకుండా నేరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఉచితంగా దొరికే చోట ఎక్కువగా ఉండే కష్టం నిరీక్షణ.

విశ్వవిద్యాలయాల శిక్షణ క్లినిక్కులు మరో దారి. అక్కడ చికిత్స చేసేది ఇంకా నేర్చుకుంటున్నవారే అయినా, వారి ప్రతి కేసునూ ఒక అనుభవజ్ఞుడు పర్యవేక్షిస్తారు. నేర్చుకునే రోజుల్లో నేను ఒక్కో సెషనుకు రెండేసి గంటలు సిద్ధమయ్యేదాన్ని. ఇప్పుడు అంత సిద్ధమవుతున్నానని చెప్పలేను.

అపోహ: ఫీజు తగ్గించమంటే చిన్నచూపు చూస్తారు.

వాస్తవం: ఒకాయన వరసగా నాలుగు వారాలు వచ్చారు. ప్రతిసారీ రసీదును మడిచి, మళ్లీ మడిచి, గోరంత చేసి జేబులో పెట్టుకునేవారు. నేను గమనించాను, అడగలేదు. ఐదో వారం రాలేదు. ఫోను చేస్తే పని ఒత్తిడి అన్నారు. రెండు నెలల తర్వాత తిరిగి వచ్చినప్పుడు నేనే అడిగాను: "అప్పుడు మానేసింది డబ్బు ఇబ్బంది వల్లేనాండీ?" చాలాసేపు తల ఎత్తలేదు. "మీరు నాకు సాయం చేస్తున్నారు, మీతో బేరం ఆడడం ఏం బాగుంటుంది మేడమ్" అన్నారు. ఆయన వచ్చిన సమస్యే అది: ఎవరినీ ఏదీ అడగలేకపోవడం. అది ఆ రసీదు మడతల్లో నా ముందే కనిపిస్తుంటే నాలుగు వారాలు చూస్తూ కూర్చున్నాను.

ఆదాయాన్ని బట్టి ఫీజు మార్చే ఏర్పాటు చాలామందికి ఉంటుంది, బోర్డు మీద రాయరంతే. వారానికి ఒకసారి బదులు పదిహేను రోజులకు ఒకసారి కలవడం, మధ్యలో ఇంట్లో చేసే అభ్యాసాలు ఇవ్వడం కూడా కుదురుతుంది. కొన్నిసార్లు తగ్గించలేనని నేనే చెప్పాల్సి వస్తుంది. అప్పుడు తక్కువ ఖర్చయ్యే చోటు చూపిస్తాను.

అపోహ: బీమా ఉంది కదా, అంతా వారే చూసుకుంటారు.

వాస్తవం: బీమా సంస్థకు చాలాసార్లు ఒక జబ్బు పేరు కావాలి, దాని కోడ్ కావాలి. ఆ పేరు మీ రికార్డులోకి చేరుతుంది. అది ఇష్టం లేక సొంత డబ్బుతో కట్టుకునేవారు ఉన్నారు. భార్యాభర్తల మధ్య గొడవలు జబ్బుల లెక్కలోకి రావు కాబట్టి దంపతుల కౌన్సెలింగ్‌కు తరచూ డబ్బు రాదు. ఏడాదికి ఎన్ని సెషన్లు, ముందస్తు అనుమతి కావాలా, డాక్టరు సిఫారసు కావాలా, మొదట మీరు కట్టాలా - ఈ నాలుగూ సంస్థకే ఫోను చేసి అడగండి. నా మాట మీద ఆధారపడకండి. పాలసీలు నాకంటే వారికే తెలుసు.

అపోహ: డబ్బు కట్టేవారికి అన్నీ చెబుతారు.

వాస్తవం: "కట్టేది నేనేనమ్మా, మా అబ్బాయి ఏం చెప్పాడో నాకు తెలియాలి కదా" అన్న తండ్రులు చాలామందే. ఆ అబ్బాయి వయసొచ్చినవాడైతే, వాడు నా దగ్గరికి వచ్చాడన్న మాట కూడా వాడి అనుమతి లేకుండా నేను చెప్పను. మైనరైతే ఎంతవరకు చెప్పాలన్నది అక్కడి చట్టాన్ని బట్టి, ముగ్గురం కూర్చుని మొదటిరోజే తేల్చుకుంటాం. ఈ గోప్యతకు హద్దులూ ఉన్నాయి: ప్రాణాపాయం, పిల్లలపై హింస, కోర్టు ఆదేశం. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టారాసాఫ్ కేసులో, రోగి వల్ల మరొకరి ప్రాణానికి ముప్పు ఉంటే వారిని కాపాడే జాగ్రత్త తీసుకోవడం చికిత్సకుడి బాధ్యత అని తేల్చింది.

అపోహ: మానేయాలంటే ఫోను ఎత్తకపోతే సరి.

వాస్తవం: ఎత్తకపోయినా మేము వెంటపడం. కానీ "ఇక రాలేనండీ" అన్న ఒక్క మెసేజీ చాలు, మీ గంట ఇంకొకరికి ఇస్తాను. వీలైతే ఒక్క ఆఖరి సెషనుకు రండి. రసీదులు మడిచిన ఆయన వచ్చారు. ఆ రోజు కూర్చోకముందే అడిగారు: "ఈసారి కూడా తగ్గించిన ఫీజేనా మేడమ్?"