ఎంగేజ్ టోన్‌లో చిక్కుకున్న దెయ్యం: ‘ఘోస్ట్‌వాచ్’ గొడవ వెనక కథ

1992 అక్టోబరు 31, శనివారం. రాత్రి 9.25కి బీబీసీ వన్‌లో ‘ఘోస్ట్‌వాచ్’ మొదలైంది. నిడివి గంటన్నర. పశ్చిమ లండన్‌ నార్తోల్ట్‌లో ఓ మామూలు ఇల్లు, తల్లి, ఇద్దరు ఆడపిల్లలు, రాత్రిళ్లు గోడల్లోంచి దబదబలు. అవి నీళ్ల పైపుల చప్పుళ్లేనని తల్లి పిల్లలకు సర్దిచెప్పింది. దాంతో దెయ్యానికి ‘పైప్స్’ అన్న పేరు ఖాయమైంది. స్టూడియోలో మైకేల్ పార్కిన్సన్, దెయ్యం ఇంట్లో సారా గ్రీన్, వీధిలో జనంతో మాట్లాడుతూ క్రెయిగ్ చార్లెస్, ఫోన్ల దగ్గర మైక్ స్మిత్. అందరూ సొంత పేర్లతోనే కనిపించిన టీవీ ముఖాలే. ఈ మైక్ స్మిత్ నిజజీవితంలోనూ సారా భర్తే. చూసేవాళ్లకు అది దెయ్యం ఉందన్న ఇంటి నుంచి సాగే లైవ్ పరిశీలన. నిజానికి అంతకు కొన్ని నెలల ముందే, ఆ వేసవిలోనే తీసిపెట్టుకున్న నాటకం.

టీవీలో వచ్చిన భయానక కథల్లో దీన్ని మించింది లేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జనాన్ని మోసం చేశారనేవాళ్లూ అంతేమంది ఉన్నారు. రెండు పక్షాలూ చూసింది ఒకటే అయినా తీర్పులు ఇంతగా విడిపోవడానికి కారణం దెయ్యం కాదు, ఎవరు ఏ నిమిషంలో టీవీ పెట్టారన్నది. మొదట్లోనే ‘స్క్రీన్ వన్’ అన్న నాటకాల శీర్షిక, రచయిత స్టీఫెన్ వోక్ పేరు తెర మీద పడ్డాయి. కార్యక్రమాల పత్రికలో నటీనటుల జాబితా కూడా అచ్చయింది. అవి చూసినవాళ్లు కథగానే చూశారు. ఐదు నిమిషాలు ఆలస్యంగా చేరినవాళ్లకు మాత్రం పార్కిన్సన్ కనిపించాడు. ఏళ్ల తరబడి పెద్దపెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేసిన ముఖం. ఆ మనిషి అబద్ధం చెబుతాడని ఎవరనుకుంటారు?

వోక్ మొదట రాయాలనుకున్నది ఆరు భాగాల సీరియల్. అందులో చివరి భాగం ఒక్కటే లైవ్ ప్రసారంలా సాగాలి. అంత పెద్దది కుదరదని నిర్మాత రూత్ బాంగార్టన్ అనడంతో, ఆ చివరి భాగాన్నే గంటన్నర కథగా మలిచారు. లెస్లీ మానింగ్ దర్శకత్వం వహించింది.

కథకు బీజం మాత్రం నిజంగా జరిగిన వ్యవహారమే. 1977 ఆగస్టులో ఉత్తర లండన్‌ ఎన్‌ఫీల్డ్‌లోని గ్రీన్ స్ట్రీట్‌లో, నలుగురు పిల్లల తల్లి ఒకావిడ ఇంట్లో సామాన్లు వాటంతటవే కదులుతున్నాయని, గోడలు మోగుతున్నాయని పోలీసులను పిలిచింది. అతీంద్రియ పరిశోధక సంఘం తరఫున మోరిస్ గ్రోస్, గై లయన్ ప్లేఫేర్ అక్కడ మకాం వేసి పరిశీలించారు. ఒక అమ్మాయి గొంతులోంచి ముసలివాడి బొంగురు మాట వచ్చేది. అక్కడి పిల్లలు కొన్నిసార్లు తామే చేసి దొరికిపోయారు కూడా. వోక్ సరిగ్గా ఈ మెలికనే వాడుకున్నాడు. కథ మధ్యలో పెద్ద పిల్ల చప్పుళ్లు తనే చేస్తూ కెమెరాకు చిక్కుతుంది. ‘ఓస్, ఇంతేనా’ అని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. అసలు భయం అక్కణ్నించే మొదలు. తెలివైన ఎత్తు. నమ్మనివాడి సందేహానికి ముందే జవాబు చెప్పేసి, అతణ్ని నిరాయుధుణ్ని చేయడం ఇది.

మిగతా పనితనమంతా చిన్న చిన్న విషయాల్లో ఉంది. బొమ్మ వీడియోది, సినిమా ఫిల్ముది కాదు. వార్తలు, ఆటలు కనిపించే తీరులోనే ఇదీ కనిపిస్తుంది. పిల్లల పడకగదిలో తీసిన టేపును స్టూడియోలో వేసి చూపిస్తారు. కర్టెన్ల దగ్గర ఎవరో నిలబడ్డారని ఫోన్లు వస్తాయి. మళ్లీ వేస్తారు. వేసిన ప్రతిసారీ బొమ్మ ఒకేలా ఉండదు, కానీ స్టూడియోలో ఎవరూ ఆ తేడా గమనించరు. ఇంట్లో కూర్చున్నవాడు మాత్రం తన కళ్లనే అనుమానించుకుంటాడు. కుక్కలకు, పిల్లులకు మాత్రమే వినిపించే హెచ్చు స్థాయి శబ్దాన్ని ప్రసారంలో కలపాలని కూడా వోక్ అనుకున్నాడు. అదే జరిగుంటే సోఫా పక్కన పడుకున్న పెంపుడు కుక్క ఉన్నట్టుండి చెవులు రిక్కించేది. సాంకేతికంగా కుదరలేదు. కుదరకపోవడమే మంచిదైందేమో.

దెబ్బతిన్నది ఫోన్ దగ్గర. తెర మీద చూపిన 081 811 8181 ఉత్తుత్తి నంబరు కాదు, బీబీసీ కార్యక్రమాలు నిజంగా వాడే నంబరే. శనివారం ఉదయం సారా గ్రీన్ నడిపే పిల్లల కార్యక్రమం వల్ల అది ప్రతి ఇంట్లోనూ నోటికి వచ్చిన నంబరు. ఫోన్ చేసినవాళ్లకు ‘ఇది కల్పిత కథ’ అని చెప్పే ఏర్పాటు ఉంది. అయితే చేసేవాళ్లు వేలల్లో ఉండటంతో లైన్లు మూసుకుపోయాయి. చాలామందికి వినిపించింది ఎంగేజ్ టోన్ ఒక్కటే. ‘దేశమంతా ఫోన్ చేస్తోందంటే నిజమే అయుంటుంది’ అనుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? ధైర్యం చెప్పాల్సిన ఏర్పాటే భయానికి సాక్ష్యమైంది. ఆ రాత్రి జరిగిన పెద్ద తప్పు ఇదే. కథలో లోపం లేదు, లైన్ల సామర్థ్యంలో ఉంది.

చూసినవాళ్లు సుమారు కోటీ పది లక్షల మందని అంచనా. అప్పటి బ్రిటన్‌లో చాలా ఇళ్లకు ఉన్నవి నాలుగు ఛానళ్లే. దూరదర్శన్ రోజులు తెలిసినవాళ్లకు ఆ ఏకాగ్రత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పిల్లలు చూడరనుకునే వేళలో, రాత్రి 9 దాటాకే వేశామని బీబీసీ చెప్పుకోవచ్చు. కానీ పిల్లలు సొంత అక్కలా చూసుకునే సారాను దెయ్యం ఇంటికి పంపి, చివరికి మెట్ల కింది చీకటి గదిలో మాయం చేశాక, పిల్లలు నిద్రపోయి ఉంటారనుకోవడం అమాయకత్వం. ఆ తర్వాత ఆమె పిల్లల కార్యక్రమంలో కనిపించి, తాను క్షేమమేనని, అదంతా నటనేనని చెప్పాల్సి వచ్చింది.

పత్రికలు విరుచుకుపడ్డాయి. ప్రసారమైన ఐదు రోజులకు 18 ఏళ్ల యువకుడొకరు ప్రాణం తీసుకున్నాడు. కార్యక్రమం చూసిన ప్రభావమేనని తల్లిదండ్రులు ఆరోపించారు. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, ఇది చూశాక తీవ్రమైన మానసిక ఆందోళనకు లోనైన ఇద్దరు పదేళ్ల బాలుర గురించి వైద్యులు రాశారు. ప్రసార ప్రమాణాల మండలి 1995లో తీర్పు చెబుతూ, మోసాన్ని సూచనప్రాయంగా చెప్పి ఊరుకోవడం చాలదని, భయపెట్టే వాతావరణాన్ని ఉద్దేశపూర్వకంగా పెంచారని తప్పుపట్టింది.

ఇలాంటిది బీబీసీకి కొత్తేమీ కాదు. 1926 జనవరిలో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు రేడియోలో లండన్ అల్లర్ల గురించి వార్తల ధోరణిలో ఓ హాస్య ప్రసంగం చేశాడు. బిగ్ బెన్ గడియార స్తంభం కూల్చేశారని విన్నవాళ్లు కంగారుపడ్డారు. మంచు వల్ల మర్నాడు చాలాచోట్ల పత్రికలు ఆలస్యంగా చేరడంతో కంగారు మరింత ముదిరింది. 1938లో ఆర్సన్ వెల్స్ అమెరికా రేడియోలో వార్తల ధోరణిలో వినిపించిన అంగారక దండయాత్ర నాటకం గురించి అందరికీ తెలుసు. అప్పటి భయాందోళనను పత్రికలు గోరంతలు కొండంతలు చేశాయని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ‘ఘోస్ట్‌వాచ్’ రాత్రి ఎన్ని ఫోన్లు వచ్చాయన్న అంకెలనూ ఆ జాగ్రత్తతోనే తీసుకోవాలి.

అభిమానులకు సైతం చివరి పది నిమిషాల మీద ఏకాభిప్రాయం లేదు. ఈ ప్రసారమే దేశవ్యాప్తంగా ఆత్మలను పిలిచే తంతుగా మారిందని తేలి, స్టూడియోలో గాలి రేగి, లైట్లు పోయి, పార్కిన్సన్ నోట పిల్లల పాట వేరే గొంతుతో వస్తుంది. అక్కడితో నమ్మకం తెగిపోయిందనేవాళ్లు ఉన్నారు. అయితే అంత అతి లేకపోతే, తెల్లవారాక కూడా నిజమని నమ్మేవాళ్లు ఇంకెందరు ఉండేవారో.

బీబీసీ దాన్ని మళ్లీ వేయలేదు. 2002లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ డీవీడీగా తెచ్చాక వాదన దారి మారింది. ఇప్పుడు చూసేవాళ్లు బొమ్మను ఆపి ఆపి, పైప్స్ ఎన్నిచోట్ల నిలబడి ఉన్నాడో లెక్కపెడుతున్నారు: అద్దంలో ఒకసారి, వీధిలో గుంపు వెనక ఇంకోసారి. 1992లో టేపు మీద రికార్డు చేసుకున్న కొద్దిమందికి తప్ప ఆ వీలు లేదు. మిగతావాళ్లకు ఆ ఆకారం ఒక్క క్షణం కనిపించి పోయింది, అడుగుదామంటే ఫోన్ కలవలేదు.