పాత బాయ్‌నెట్లు: ముద్రలు చెప్పేదెంత, అమ్మేవారు చెప్పేదెంత

మన దేశంలో పాత బాయ్‌నెట్లు సేకరించేవారి చేతికి తరచుగా వచ్చేది బ్రిటిష్ 1907 నమూనా. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు తొడిగే 17 అంగుళాల అలుగు. బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానాలోనూ తయారైంది. నేను వినే అపోహల్లో సగం దీని మీదే.

అపోహ: అలుగు మీద 1907 అని ఉంది కాబట్టి 1907లో చేసిందే.

అది నమూనా పేరు మాత్రమే. తయారీ తేదీ దాని కిందే, చిన్నగా ఉంటుంది. 8, 16 అని కనిపిస్తే 1916 ఆగస్టు. పక్కనే విల్కిన్సన్, శాండర్సన్, చాప్‌మన్ వంటి తయారీదారు పేరు. కిరీటం కింద జి.ఆర్.ఐ. (జార్జ్, రాజు, చక్రవర్తి అనే లాటిన్ మాటల పొడి అక్షరాలు) ఉంటే భారత్‌లో చేసినది.

అపోహ: పిడి దగ్గర కొక్కెం ఉంటేనే అసలుది.

ఇంగ్లండులో 1913లోనే కొక్కెం తీసేశారు. అప్పటికే చేసిన వాటిలోనూ చాలావాటికి తర్వాత కోసేశారు. అందుకే కొక్కెం ఉన్నదానికి ధర ఎక్కువ, ధరతో పాటే మోసం. 1916 నాటి విల్కిన్సన్ అలుగుకు కొక్కెం కనిపిస్తే అతుకు కోసం భూతద్దం పెట్టి వెతకండి.

అపోహ: అలుగు 12 అంగుళాలే ఉంది, ఎవరో విరగ్గొట్టి అరగదీశారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన కార్ఖానాల్లోనే అధికారికంగా కురచ చేశారు. అలుగు పొడవునా ఉండే గాడి దాదాపు మొన దాకా సాగడం దాని గుర్తు. ఇంత చక్కని భారతీయ చరిత్రను పాడైన సరుకని చౌకగా అమ్మేస్తుంటారు. నాకు అభ్యంతరం లేదు!

అపోహ: ఆ గాడి రక్తం కారడానికి.

కాదు. బరువు తగ్గించి, బిగువు పోకుండా ఉంచడానికి.

అపోహ: పిడి మీది అంకెతో సైనికుడి పేరు పట్టుకోవచ్చు.

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అక్షరాలు రెజిమెంటువి, అంకె సాధారణంగా ఆ దళంలో ఆయుధానికి ఇచ్చిన వరుస సంఖ్య. ఒకే బాయ్‌నెట్ ఎన్నో చేతులు మారేది. మళ్లీ జారీ చేసినప్పుడు కొత్త తేదీ కొట్టేవారు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని దళాల యుద్ధ డైరీలు తిరగేస్తే ఆ దళం ఏ రోజు ఎక్కడుందో తెలుస్తుంది, ఈ కత్తి ఎవరి నడుముకు వేలాడిందో తెలియదు. మనిషితో ముడిపెట్టాలంటే కుటుంబ ఉత్తరమో, ఫొటోనో, సైన్యం కాగితమో వస్తువుతో పాటే రావాలి. "గల్లిపోలీలో (మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని రణరంగం) వాడింది" అన్న నోటిమాటకు నేను రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను.

అపోహ: తళతళలాడితే విలువ పెరుగుతుంది.

గరుకు కాగితంతో రుద్దితే తుప్పుతో పాటు ముద్రలూ పోతాయి. పలుచగా నూనె రాయండి, తోలు ఒరలో నుంచి తీసి విడిగా ఉంచండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది.

అపోహ: పాతవస్తువే కదా, చట్టం పట్టించుకోదు.

2016 ఆయుధ నియమాల జాబితాలో 9 అంగుళాలు దాటిన బాయ్‌నెట్లు ఉన్నాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి, కాబట్టి కొనే ముందే పోలీసు కార్యాలయంలో అడగండి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 పురావస్తు చట్టం వర్తిస్తుంది. విదేశంలో ఉన్న బంధువుకు కానుకగా పంపాలన్నా ఆ చట్టం అడ్డొస్తుంది.