పిన్‌ల లెక్క ఎక్కడ రాయాలి? 2012లో తేల్చకుండా వదిలేసిన పేచీ

కొత్త చిప్ కోసం లినక్స్ కెర్నెల్‌కి పిన్ కంట్రోలర్ (చిప్ కాళ్లలో, అంటే పిన్‌లలో, ఏది ఏ పని చేయాలో నిర్ణయించే భాగం) ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, వచ్చినప్పుడల్లా రివ్యూలో పాత పేచీ ఒకటి మళ్లీ లేస్తుంది. పిన్‌ల వివరాలు డ్రైవర్‌లో పట్టికలుగా ఉండాలా, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కి చెప్పే ఫైలులో) ఉండాలా? ట్రీలో పెడితే పేర్లు రాయాలా, నేరుగా రిజిస్టర్‌లో (చిప్ లోపల సెట్టింగులు ఉండే గడిలో) పడే అంకెలు రాయాలా? బయటివాళ్లకి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. బోర్డు చేతిలో పట్టుకుని ప్యాచ్ ఎప్పుడు చేరుతుందా అని చూసేవాళ్లకి మాత్రం టెన్షనే.

2011 మార్చిలో ఏఆర్‌ఎం చిప్‌ల కోడ్ గందరగోళం మీద లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మండిపడటం, ప్రతి బోర్డు వివరాలూ కెర్నెల్ కోడ్‌లోనే రాసే బోర్డు ఫైళ్లు పోయి డివైస్ ట్రీ రావడం ఈ రంగంలో అందరికీ తెలిసిన కథే. లైనస్ వాలై అనే మరో డెవలపర్ రాసిన పిన్‌కంట్రోల్ సబ్‌సిస్టమ్ (కెర్నెల్‌లో పిన్‌ల పని చూసుకునే భాగం) 2012 జనవరిలో 3.2 కెర్నెల్‌తో విడుదలైంది. అసలు ముడి ఆ తర్వాత పడింది.

అదే ఏడాది జూలైలో వచ్చిన 3.5లో, ఎన్విడియా ఇంజనీరు స్టీఫెన్ వారెన్ రాసిన డివైస్ ట్రీ బైండింగ్ (ట్రీలో ఏది ఎలా రాయాలో చెప్పే నియమం) చేరింది. పిన్‌లు కావలసిన పరికరం వాటిని ఎలా అడగాలో అది స్పష్టంగా తేల్చింది. మామూలుగా ఒక స్థితి, నిద్రలో ఇంకో స్థితి, వాటికి పేర్లు, అంతే. సీరియల్ పోర్టు డ్రైవర్ రాసేవాడికి ఏ చిప్‌లోనైనా ఇదే పద్ధతి. కానీ పిన్ కంట్రోలర్ నోడ్ (ట్రీలో దానికి కేటాయించిన భాగం) లోపల ఏం రాయాలన్నది ఆయా కంట్రోలర్‌ల ఇష్టమని, దానికి ఉమ్మడి ప్రమాణమేదీ లేదని ఆ డాక్యుమెంట్‌లోనే ఉంది. నా లెక్కలో ఇవాళ్టి గొడవంతా ఆ ఒక్క మాటలోంచి పుట్టిందే.

తలుపు తెరిచి ఉంది కాబట్టి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఎన్విడియా టెగ్రా చిప్‌లకి పిన్ పేరు, ఫంక్షన్ పేరు ట్రీలో రాస్తే, వాటి అర్థం డ్రైవర్‌లోని పట్టిక చెబుతుంది. పిన్‌లకీ ఫంక్షన్‌లకీ పేర్లుండాలన్న వాలై ఆలోచనకి దగ్గరగా ఉన్న దారి ఇదే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) ఓమాప్ చిప్‌లు చూసుకునే టోనీ లిండ్‌గ్రెన్ మాత్రం డిసెంబరులో 3.7 నాటికి పిన్‌కంట్రోల్-సింగిల్ అనే డ్రైవర్ తెచ్చారు. దానికి ఏ పిన్ పేరూ తెలియదు. ట్రీలో రిజిస్టర్ ఆఫ్‌సెట్ (అది ఎక్కడుందో చెప్పే అంకె), పక్కన విలువ ఉంటాయి. ఇక్కడ ఇది రాయి అంటే రాస్తుంది.

టీఐ ఏఎం335ఎక్స్ చిప్‌తో నడిచే బీగల్‌బోన్ బోర్డు మీద పీ9 అనే పిన్‌ల వరుసలో 26వ పిన్ చూడండి. యూఆర్ట్1 అనే సీరియల్ పోర్టుకి రిసీవ్ లైను అది. ఆఫ్‌సెట్ హెక్స్‌లో 180, విలువ హెక్స్‌లో 30. కింది మూడు బిట్లు సున్నా అంటే యూఆర్ట్ మోడ్. అక్కడ 7 పడితే అదే పిన్ జీపీఐఓ (మామూలు ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్) అవుతుంది. 4వ బిట్ పుల్‌అప్, 5వ బిట్ రిసీవర్. ఒకసారి నేను 30కి బదులు 10 రాశాను, అంటే రిసీవర్ బిట్ వేయలేదు. బోర్డు చక్కగా మాట్లాడుతోంది, మనం చెప్పేది మాత్రం వినట్లేదు. కేబుల్ మార్చాను, బాడ్ రేటు మార్చాను, రెండు రోజులు పోయాయి. పేర్లతో రాసే పద్ధతి అయితే తొందరగానే దొరికేదని ఒప్పుకుంటాను.

అయినా అంకెల పక్షాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. చిప్ మాన్యువల్‌లో ఉండేది ఈ అంకెలే. ఏ చిప్ మీదైనా బూటయ్యే ఒకే కెర్నెల్ కావాలన్నప్పుడు, పేర్ల దారిలో ప్రతి చిప్ పట్టికా అందులో మోయాలి. పిన్‌కంట్రోల్-సింగిల్ ఉంటే, పిన్‌కో రిజిస్టర్ ఉన్న కొత్త చిప్‌కి కొత్త డ్రైవరే అక్కర్లేదు. టీఐతో ఏ సంబంధమూ లేని హైసిలికాన్ చిప్‌లు కూడా దాన్నే వాడుకున్నాయి. పేర్ల పక్షం జవాబు ఒకటే: ట్రీ హార్డ్‌వేర్‌ని వర్ణించాలి, రిజిస్టర్ డంప్ కాకూడదు.

అంకెలకి ఇంకో చిక్కుంది. పాత ట్రీ కొత్త కెర్నెల్‌తోనూ బూటవ్వాలన్నది నియమం. అందుకే 2020లో ఏఎం335ఎక్స్ విలువని పుల్ సెట్టింగు, మోడ్ అని రెండు అంకెలుగా విడదీసినప్పుడు డ్రైవర్ పాత పద్ధతినీ మోస్తూనే ఉండాల్సి వచ్చింది.

2022లో శాంసంగ్ పిన్ హెడర్ ఫైల్‌ని (అంకెలకి పేర్లు పెట్టి ఉంచే ఫైలు) బైండింగ్‌ల డైరెక్టరీలోంచి డీటీఎస్ ఫైళ్ల, అంటే డివైస్ ట్రీ సోర్స్ ఫైళ్ల, పక్కకి తరలించారు. అవి బైండింగ్‌లు కావు, డీటీఎస్ ఫైళ్లలో వాడుకునే రిజిస్టర్ విలువలు మాత్రమే అన్నది కారణం. మరుసటి ఏడాది టీఐ కే3 చిప్‌ల హెడర్ ఫైల్‌కీ అదే జరిగింది. అంకెలు ఇల్లు మారాయి గానీ ట్రీలోంచి పోలేదు. 2012లో అనుమతించిన దాన్నే ఇప్పుడు రివ్యూలో తప్పుగా చూస్తున్నారని చిప్ కంపెనీల ఇంజనీర్లు విసుక్కుంటే, అందులో న్యాయముంది.

2024లో మూడో దారి వచ్చింది. పిన్‌లని ఫర్మ్‌వేర్ (కెర్నెల్‌కి బయట, చిప్ మీద నడిచే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది, కెర్నెల్ దానితో మాట్లాడే ఎస్‌సీఎంఐ ప్రోటోకాల్ ద్వారా అడిగితే చాలు. ఆ పద్ధతిలో పిన్‌ల పేర్లు, గ్రూపులు ఫర్మ్‌వేరే చెప్పగలదు. పేచీ తీరిందనుకున్నారు. కానీ ఆ ప్రోటోకాల్ మీదే నడిచే ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ ఐ.ఎం.ఎక్స్ 95 చిప్‌కి విడిగా ఒక డ్రైవర్ వచ్చింది. దాని డివైస్ ట్రీ తెరిస్తే ఒక్కో పిన్‌కి పాత ఐ.ఎం.ఎక్స్‌ల మాదిరిగానే ఆరు అంకెలు.